డికాక్షన్ దిగడానికి ఇంత ఆలస్యమెందుకు?

మందగించిన కాఫీ యంత్రాల్లో చాలావాటికి కావలసింది కొత్త యంత్రం కాదు, అడ్డు తొలగిన దారి. ఆ అడ్డు ఎక్కడ ఉన్నదో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతిపై ఈ వారం ముఖచిత్ర కథనం.

వంటింటి గట్టు మీది విద్యుత్ కాఫీ యంత్రం నెలలు గడిచేకొద్దీ మందగించడం, మొదట్లో ఏడెనిమిది నిమిషాల్లో దించిన కాఫీని పావుగంటకు కూడా దించలేకపోవడం, చివరకు దానికి కాలం చెల్లిందని నిర్ణయించి అటకెక్కించడమో పాత సామాన్ల బండికి వేయడమో జరగడం నేటి పట్టణ గృహాల్లో సాధారణమైన పరిణామం. అయితే సాధారణ డ్రిప్ యంత్రాల్లో అరిగిపోయే భాగాలు చాలా తక్కువ. తిరిగే మోటారు గానీ, రాపిడికి లోనయ్యే పళ్లచక్రం గానీ వాటిలో ఉండవు. మందగింపుకు మూలం చాలా సందర్భాల్లో ఏదో ఒక అడ్డంకి మాత్రమే. హీటరు నుంచి నీటికి వేడి అందే చోటనో, నీరు పైకెక్కే గొట్టంలోనో, పొడి గుండా నీరు దిగే చోటనో అది ఏర్పడుతుంది. ఆ చోటును గుర్తించడానికి గడియారం, మంచినీళ్లు తప్ప మరే పరికరమూ అక్కర్లేదు. తొలగించడానికి తరచుగా కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు సరిపోతుంది.

పంపు లేకుండా పైకెక్కే నీరు

కాఫీ యంత్రాలు పలు రకాలు. వేడినీటిని అధిక పీడనంతో పొడి గుండా నెట్టే ఎస్‌ప్రెస్సో యంత్రం ఒక తరగతిదైతే, వేడినీటిని పొడి మీద చిలకరించి దాని బరువుతోనే కిందికి దిగనిచ్చే డ్రిప్ యంత్రం మరొక తరగతిది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి చెందిన మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి 1908లో కాగితపు వడపోతపై హక్కులు నమోదు చేయించుకోవడంతో ఈ రెండో పద్ధతికి పునాది పడింది. 1954లో అదే దేశంలో గాట్‌లోబ్ విడ్‌మన్ పేటెంటు పొందిన విగోమాట్ యంత్రం ఆ పనిని విద్యుత్తుకు అప్పగించగా, 1972లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మిస్టర్ కాఫీ దానిని సామాన్య గృహాల్లోకి తీసుకువెళ్లింది.

ఈ యంత్రం నిర్మాణం సరళమైనది. వెనుక ఉండే నీటి తొట్టి అడుగు నుంచి ఒక రబ్బరు గొట్టం బయలుదేరి, కాఫీ జాడీని వేడిగా ఉంచే పళ్లెం కింద వంపు తిరిగి ఉన్న అల్యూమినియం గొట్టంలోకి చేరుతుంది; ఆ గొట్టాన్ని అంటిపెట్టుకునే హీటరు ఉంటుంది. తొట్టికీ హీటరుకూ నడుమ ఏకదిశ కవాటం, అంటే నీటిని ముందుకే పోనిచ్చి వెనక్కు రానివ్వని చిన్న మూత, అమరి ఉంటుంది. గొట్టంలోని కొద్దిపాటి నీరు మరిగి ఆవిరి బుడగలు పుట్టగానే ఈ కవాటం మూసుకుంటుంది. వెనుకదారి లేని ఆ బుడగలు, ఎసరు పొంగేటప్పుడు నీటిని గిన్నె అంచు దాకా తోసుకొచ్చినట్లే, తమ పైనున్న వేడినీటిని నిలువు గొట్టంలో పైకి నెట్టి పొడి మీద కురిపిస్తాయి. ఖాళీ అయిన చోటికి తొట్టిలోంచి మరికొంత నీరు జారుతుంది, మళ్లీ అదే వరుస మొదలవుతుంది. పంపు చేయవలసిన పనిని ఆవిరి బుడగలే చేస్తాయి కాబట్టి, వాటిని పుట్టించే వేడికి గానీ, అవి నెట్టే నీటి దారికి గానీ ఆటంకం కలిగితే యంత్రం మొత్తం మందగిస్తుంది.

ఎంతసేపు పడితే ఆలస్యమనాలి?

యంత్రం నెమ్మదించిందన్న అభిప్రాయం నిజమో కాదో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉపకరిస్తుంది. లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు మేర వేడి చేయడానికి దాదాపు 4.19 కిలోజౌళ్ల శక్తి కావాలి కాబట్టి, 25 డిగ్రీల నీటిని 95 డిగ్రీలకు తేవడానికి సుమారు 293 కిలోజౌళ్లు అవసరమవుతాయి. హీటరు 900 వాట్లదైతే, అంటే సెకనుకు 900 జౌళ్ల శక్తినిచ్చేదైతే, ఈ పని పూర్తికావడానికి సుమారు ఐదున్నర నిమిషాలు పడుతుంది. 600 వాట్లదైతే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. కొంత వేడి ఆవిరి రూపంలోనూ, చుట్టూ ఉన్న గాలిలోకీ పోతుంది గనుక, ఈ లెక్కపై మరో రెండు మూడు నిమిషాలు పట్టడం సహజం. యంత్రం అడుగున అతికించిన చీటీ మీద వాట్ల సంఖ్య ముద్రించి ఉంటుంది. దానిని బట్టి తేలే సమయానికి రెట్టింపు పడుతున్నప్పుడు మాత్రమే లోపం ఉన్నదని నిర్ధారించవచ్చు.

ఈ కాలపరిమితికి రుచితో నేరుగా సంబంధం ఉన్నది. అమెరికాలో 1950లలో కాఫీ బ్రూయింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో ఇ.ఇ. లాక్‌హార్ట్ జరిపిన పరిశోధనలు, పొడి బరువులో 18 నుంచి 22 శాతం మేర నీటిలోకి దిగినప్పుడు కాఫీ సమతూకంగా ఉంటుందన్న ప్రమాణానికి ఆధారమయ్యాయి. గృహ యంత్రాల్లో నీరు పొడితో కలిసి ఉండే సమయం నాలుగు నుంచి ఎనిమిది నిమిషాల మధ్య ఉండాలని స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ నిర్దేశిస్తున్నది. అంతకు మించి పొడి నీటిలో నానితే, మొదట దిగే పులుపు, తీపి, సువాసనల వెనుక ఆలస్యంగా కరిగే చేదు, వగరు పదార్థాలు కూడా దిగుతాయి. మందగించిన యంత్రం కాఫీ ఎక్కువ చేదుగా ఉండటానికి కారణం ఇదే.

యంత్రంలో ఏ లోపమూ లేకుండానే ఆలస్యానికి దారితీసే కారణం ఒకటున్నది, అది వోల్టేజి. హీటరు ఇచ్చే శక్తి వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, 230 వోల్టులు ఉండవలసిన చోట 184 వోల్టులే ఉంటే, అంటే ఐదో వంతు తగ్గితే, శక్తి 64 శాతానికి పడిపోయి ఐదున్నర నిమిషాల పని ఎనిమిదిన్నర నిమిషాలకు సాగుతుంది. వేసవి సాయంత్రాల్లో లో వోల్టేజి ఉండే ప్రాంతాల్లో ఉదయం చురుగ్గా పనిచేసిన యంత్రం సాయంత్రం నసగడం ఇందువల్లనే. ఇక్కడ కొన్న 230 వోల్టుల యంత్రాన్ని అమెరికాలోని పిల్లల ఇంటికి తీసుకువెళ్లి 120 వోల్టుల ప్లగ్గుకు తగిలిస్తే దాని శక్తి నాలుగో వంతు దరిదాపులకు దిగిపోతుంది. అక్కడి యంత్రాన్ని ఇక్కడ నేరుగా తగిలిస్తే శక్తి మూడున్నర రెట్లు మించి హీటరు కాలిపోతుంది.

పొడి వేయకుండా ఒక పరీక్ష

వోల్టేజి సరిగా ఉన్నదని తేలిన తరువాత, లోపం యంత్రానిదా పొడిదా అన్న ప్రశ్నకు సమాధానం రాబట్టాలి. పొడి గానీ, వడపోత కాగితం గానీ లేకుండా, తొట్టిలో సరిగ్గా లీటరు మంచినీళ్లు పోసి, యంత్రాన్ని నడిపి, తొలి చుక్క పడేందుకూ, తొట్టి ఖాళీ అయ్యేందుకూ పట్టిన సమయాలను రాసుకోవడమే ఆ పరీక్ష. నీరు లెక్క ప్రకారం పట్టవలసిన సమయానికే దిగితే యంత్రం ఆరోగ్యంగా ఉన్నదనీ, ఆలస్యం పొడి వల్లనో వడపోత వల్లనో వస్తున్నదనీ తేలిపోతుంది. నీరు విడతలు విడతలుగా పడుతూ, నడుమ చాలాసేపు ఆగుతూ, లోపలి నుంచి బుసకొడుతున్న చప్పుడూ అదనపు ఆవిరీ వస్తూ ఉంటే గొట్టంలో సున్నపు పొర పేరుకున్నదని భావించాలి. పైకి నీరు సరిగా ఎక్కకుండా తొట్టిలోనే బుడగలు లేస్తుంటే ఏకదిశ కవాటం మూసుకోవడం లేదని అర్థం. తొట్టి నిండుగా ఉన్నా హీటరు వేడెక్కుతున్నా నీరు కదలకపోతే, కవాటం తెరుచుకోకుండా బిగుసుకుపోయి ఉండాలి, లేదా గొట్టంలో గాలి చిక్కుకుని ఉండాలి. మరమ్మతులో సగభాగం ఈ ఒక్క పరీక్షతోనే పూర్తవుతుంది. దీనిని దాటవేసి స్క్రూలు విప్పడం మొదలుపెట్టేవారు లోపం లేని భాగాన్ని మార్చే ప్రమాదం ఉన్నది.

నీటిలో కనిపించని రాయి

నేల పొరల గుండా ప్రవహించే నీరు దారిలోని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కాల్షియం, మెగ్నీషియం లవణాలను తనలో మోస్తుంది. ఇటువంటి నీటినే కఠిన జలం అంటారు. ఇందులో బైకార్బొనేట్ల వల్ల కలిగేది తాత్కాలిక కాఠిన్యం. నీటిని కాచినప్పుడు అది విడిపోతుంది గనుక ఆ పేరు వచ్చింది. కాల్షియం బైకార్బొనేట్ వేడికి విచ్ఛిన్నమై, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. చాలా లవణాలు వేడినీటిలో మరింతగా కరుగుతుండగా కాల్షియం కార్బొనేట్ కరిగే గుణం వేడితో తగ్గుతుంది కాబట్టి, అది యంత్రంలో అత్యంత వేడిగా ఉండే చోటును, అంటే హీటరును అంటిన గొట్టం లోపలి గోడను, వెతుక్కుని పట్టినట్లుగా అక్కడే గట్టిపడుతుంది.

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం వాంఛనీయం; వేరే నీటి వనరు లేనప్పుడు 600 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉన్నది. లీటరుకు 300 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం గల బోరు నీళ్లను రోజుకు లీటరు చొప్పున యంత్రంలో పోస్తే ఏడాదికి 109 గ్రాముల పైచిలుకు ఖనిజం దాని గుండా వెళుతుంది. అందులో పదో వంతు మాత్రమే గోడలకు అంటుకున్నా, వేలెడు లావు కూడా లేని గొట్టంలో ఏటా 11 గ్రాముల రాయి పేరుకున్నట్లవుతుంది. బోరు మీద ఆధారపడిన అపార్ట్‌మెంట్లలో నీళ్లు కాచే గిన్నెల అడుగునా, గీజర్లలోనూ కనిపించే తెల్లటి పెచ్చు ఈ పదార్థమే.

ఈ పొర రెండు విధాల హాని చేస్తుంది. అల్యూమినియం దీనికంటె సుమారు వంద రెట్లు మెరుగ్గా వేడిని ప్రసరింపజేస్తుంది కాబట్టి, పలుచని పొర సైతం హీటరుకూ నీటికీ మధ్య కంబళిలా నిలుస్తుంది. వేడి నీటిలోకి పోలేక హీటరు తానే మితిమీరి వేడెక్కడంతో, దానిని కాపాడేందుకు అమర్చిన థర్మోస్టాట్, అంటే నిర్ణీత ఉష్ణోగ్రత దాటగానే విద్యుత్తును ఆపి చల్లారాక మళ్లీ ఇచ్చే మీట, పదేపదే ఆపుతూ పోతుంది. నీరు విడతలుగా పడటానికి కారణం ఇదే. రెండో హాని దారి ఇరుకు కావడం. గొట్టాల్లో సాఫీగా సాగే ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుందని 1840ల నాటికి హాగెన్, పోజీ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా నిరూపించారు. ఆ సూత్రం ప్రకారం దారి సగానికి కుంచించుకుపోతే, అదే పీడనం వద్ద ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. కాఫీ యంత్రంలో బుడగలతో కూడిన ప్రవాహం అంతటి నిక్కచ్చి లెక్కకు లొంగకపోయినా, కొద్దిపాటి పొర అంత పెద్ద ఆలస్యానికి ఎందుకు దారితీస్తుందో ఈ సూత్రం వివరిస్తుంది.

నిమ్మ ఉప్పుతో శుద్ధి

కాల్షియం కార్బొనేట్ ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా, నీటిలో కరిగే లవణంగా విడిపోతుంది. ఇందుకు పులిహోరలోనూ పానీయాల్లోనూ వాడే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, అనువైనది. లీటరు గోరువెచ్చని నీటిలో 20 నుంచి 30 గ్రాముల నిమ్మ ఉప్పును పూర్తిగా కరిగించి తొట్టిలో పోసి, యంత్రాన్ని నడిపి, సగం నీరు దిగిన తరువాత ఆపి, అరగంట పాటు అలాగే వదిలివేయాలి. ఈ విరామంలోనే ఆమ్లం గొట్టంలో నిలిచి పొరను కరిగిస్తుంది. ఆ తరువాత మిగిలిన సగాన్ని దించి, కిందికి వచ్చిన నీటిలో తెల్లటి పెచ్చులు కనిపిస్తే, కొత్త ద్రావణంతో మరోసారి అదే పని చేయాలి. చివరగా రెండు మూడుసార్లు మంచినీటిని నడిపితే పులుపు పోతుంది. ద్రావణాన్ని మరీ చిక్కగా కలిపి మరిగిస్తే, వేడిలో తక్కువగా కరిగే కాల్షియం సిట్రేట్ ఏర్పడి కొత్త మడ్డిగా మిగలవచ్చు గనుక, చిక్కదనం పెంచడానికి బదులు రెండోసారి చేయడమే మేలు.

వెనిగర్‌ను సమపాళ్లలో నీటితో కలిపి వాడినా పని జరుగుతుంది గానీ, దాని వాసన రబ్బరు భాగాలను పట్టి చాలా రోజులు వదలదు. కొన్ని కంపెనీలు వెనిగర్‌ను వాడవద్దని తమ సూచనల పుస్తకంలోనే చెబుతాయి. బాత్రూములు కడిగే యాసిడ్‌ను ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నాన్నే గాక అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. అలాగే బ్లీచింగ్ ద్రావణాన్ని ఏ ఆమ్లంతోనూ కలపకూడదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. కఠిన జలం వాడే ఇళ్లలో ఈ శుద్ధిని నెలకోసారి, మృదువైన నీరున్న చోట మూడు నాలుగు నెలలకోసారి చేస్తే పొర గట్టిపడే అవకాశమే ఉండదు. ఆర్‌ఓ నీటిని వాడితే పొర బాగా తగ్గుతుంది. అయితే ఖనిజాలు బొత్తిగా లేని నీటిలో కాఫీ రుచి చప్పబడుతుంది కాబట్టి, కొంత సాధారణ మంచినీటిని అందులో కలుపుకోవడం ఉత్తమం.

శుద్ధి తరువాత కూడా ఆలస్యం పోకపోతే కవాటాన్ని పరిశీలించాలి. ప్లగ్గు తీసి, యంత్రం పూర్తిగా చల్లారాక, తొట్టి ఖాళీ చేసి అడుగు పలకను విప్పితే రబ్బరు గొట్టం కనిపిస్తుంది. కవాటం సాధారణంగా ఆ గొట్టంలోనో, తొట్టి అడుగునో ఉండే చిన్న గోళీ గానీ సిలికాన్ రెక్క గానీ అయి ఉంటుంది. అందులో చిక్కిన సున్నపు పలుకునో, కాఫీ నలకనో తీసివేస్తే అది మళ్లీ కదులుతుంది. హీటరుకు జతచేసిన థర్మల్ ఫ్యూజు కాలిపోయి ఉంటే, దాన్ని దాటవేసి తీగలు కలపడం అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే అవుతుంది. అదే విలువ గల కొత్త ఫ్యూజును తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే వేయించాలి.

పొడి నిలబెట్టే నీరు

పొడి లేని పరీక్షలో యంత్రం చురుగ్గా నడిచి, పొడి వేయగానే నీరు బుట్టలో నిలిచి అంచులు దాటి పొర్లుతున్నట్లయితే పరిశీలించవలసింది పొడిని. ఫ్రాన్సులోని దిజాన్ నగర నీటి సరఫరాకు సారథ్యం వహించిన ఇంజినీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టాల గుండా నీటిని పంపి, 1856లో ప్రవాహ సూత్రాన్ని ప్రకటించాడు. దాని ప్రకారం రేణువుల మధ్య సందుల్లోంచి దిగే నీటి వేగం, పైనున్న నీటి ఎత్తుతో పెరిగి, పొర మందంతో తగ్గుతుంది. తరువాతి పరిశోధకులు దీనికి చేర్చిన అంశం ఏమంటే, ఇతర పరిస్థితులు మారనప్పుడు నీటిని పోనిచ్చే గుణం రేణువు వ్యాసం వర్గాన్ని అనుసరిస్తుంది. రేణువు సగం పరిమాణానికి మెత్తనైతే నీరు నాలుగో వంతు వేగంతోనే దిగుతుంది.

తెలుగు ఇళ్లలో డ్రిప్ యంత్రానికి ఎదురయ్యే ఇబ్బందిలో పెద్ద భాగం ఇక్కడే ఉన్నది. బజారులో దొరికే ఫిల్టరు కాఫీ పొడిని రెండు అరల స్టీలు ఫిల్టరును దృష్టిలో ఉంచుకుని మెత్తగా ఆడిస్తారు. పైగా అందులో చాలావరకు చికోరీ కలిసి ఉంటుంది. చికోరీ ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. కాఫీ కంటె ఎక్కువగా నీటిలో కరిగి, చిక్కటి రంగునూ జిగురునూ ఇస్తుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, చికోరీ 49 శాతం మించరాదనీ ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. స్టీలు ఫిల్టరులో కొద్దిపాటి నీటితో చిక్కటి డికాక్షన్ నిదానంగా దిగి, తరువాత పాలతో కలుస్తుంది గనుక, ఆ నిదానమే అక్కడ గుణం. కాగితపు వడపోతలో లీటరు నీటిని ఏకబిగిన దించవలసిన డ్రిప్ యంత్రానికి అదే పొడి ఆటంకమవుతుంది: నానిన చికోరీ జిగురూ, మెత్తని కాఫీ ధూళీ కాగితం రంధ్రాలను పూడ్చివేస్తాయి.

పరిహారం సులభమైనది. కాఫీ దుకాణంలో చికోరీ లేని పొడిని సన్నరవ్వంత బరకగా ఆడించమని అడగాలి. లీటరు నీటికి 55 నుంచి 60 గ్రాములు మించకుండా వేయాలి. చెంచాతో అదమకుండా, బుట్టను మెల్లగా తట్టి పొడిని సమంగా పరచాలి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు లోయ అరబికా వంటి గింజలను ఇంట్లోనే బరకగా పట్టుకుంటే, చికోరీ కలపని కాఫీ రుచి ఈ యంత్రంలో చక్కగా తెలుస్తుంది. కాగితానికి బదులు శాశ్వత జల్లెడను వాడే యంత్రాల్లో కాఫీ నూనె రంధ్రాలకు పట్టి గట్టిపడుతుంది. వేడినీటిలో వంట సోడా వేసి నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దితే అది వదులుతుంది. బుట్ట అడుగున, జాడీ తీయగానే ధారను ఆపే చిన్న కవాటం కూడా ఇదే జిడ్డుతో బిగుసుకుపోతుంది కాబట్టి దాన్నీ కడగాలి. స్టీలు ఫిల్టరు చిల్లులు మూసుకుపోయినప్పుడు పెద్దలు పాటించిన పద్ధతి, పై అరను కాసేపు పొయ్యి మంట మీద పట్టుకుని, అంటుకున్న పొడి కాలి రాలిన తరువాత తోమడం. అది నేటికీ పనికివస్తుంది.

బాగుచేయడం అందరికీ అందాలి

ఒక యంత్రాన్ని పారేయడం ఇంటి ఖర్చుతో ముగిసే వ్యవహారం కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల భాగస్వామ్యంతో 2024లో వెలువడిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం పారేసిన విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాల బరువు 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి పునర్వినియోగానికి మళ్లించినట్లు నమోదైనది 22.3 శాతమే. భారత ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్‌ను ప్రారంభించి, సూచనల పుస్తకాలూ, విడిభాగాల వివరాలూ కొనుగోలుదారుకు అందుబాటులోకి తేవాలని కంపెనీలను కోరింది. ఇది సరైన దిశలో పడిన అడుగు. అయితే కొద్దిపాటి ఖరీదు చేసే కవాటం విడిగా దొరకనంత కాలం, తిరిగి బిగించలేని విధంగా అడుగు పలకలను అతికించినంత కాలం ఆ హక్కు కాగితం దాటి వంటింటికి రాదు. యంత్రం కొనేటప్పుడే విడిభాగాలు దొరుకుతాయా, అడుగు పలక మామూలు స్క్రూలతో ఊడుతుందా, సున్నపు పొరను తొలగించే విధానం సూచనల పుస్తకంలో ఉన్నదా అని అడగడం కొనుగోలుదారు బాధ్యత. ఆ ప్రశ్నలను దుకాణంలో ఎందరు అడిగితే, వాటికి సమాధానం చెప్పగల యంత్రాలను తయారుచేయవలసిన అవసరం కంపెనీలకు అంతగా పెరుగుతుంది.